భార్యకు ఆసక్తి లేదట

గంట పడుతదమ్మా, లోపల సూది ఇచ్చి స్కానింగ్ తీస్తరు, మీరు ఈ ఫైలు పట్టుకొని ఇక్కడ కూర్చోర్రి అని నర్సు నాకు చెప్పి మా ఆయన్ని లోపలికి తీసుకపోయింది. తలుపు మూసుకునే ముందు ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసిండు, నా ముఖం దిక్కు కాదు, నా చేతిలో ఫైలు దిక్కు. అప్పుడు నాకేం తోచలేదు, భయపడుతున్నడు పాపం అనుకున్న, నలభై తొమ్మిదేళ్ల మనిషి, చీమ కుట్టినా ఊరంతా వినపడేటట్టు అరిచే మనిషి, ఎక్కడ సూది వేస్తరో తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంటే ఆయనకు ఎట్ల ఉంటది. పదకొండు కావస్తున్నది. అద్దాల అవతల ఖమ్మం ఎండ తెల్లగ మండుతున్నది, బస్సులు హారన్ కొట్టుకుంట పోతున్నయి, లోపల మాత్రం చల్లగ, ఫినాయిల్ వాసన, గోడ మీద రెండు కిడ్నీల బొమ్మ ఉడకబెట్టిన చిక్కుడు గింజల లెక్క. ఇరవై మంది దాకా మగవాళ్లు, ఒక్కడూ ఇంకొకడి దిక్కు చూడడు, కుర్చీకి కుర్చీకి నడుమ ఒకటి ఖాళీ వదిలిపెట్టి కూర్చున్నరు. నా గర్భసంచి తీసినప్పుడు సత్తుపల్లి దవాఖానలో మేము ఆడోళ్లం గట్ల ఉన్నమా, పక్కనామె పేరు తెలియకముందే ఆమె కడుపు సంగతి తెలిసింది, నీకు ఎన్ని కుట్లు, నీకు గడ్డలా, రక్తం ఆగలేదా అని అడుగుకుంట ఒకరి అరటిపండు ఒకరం తిన్నం. వీళ్లు నేల చూస్తున్నరు. నేల మీద ఏమున్నది, తెల్ల బండలు.

నెల రోజుల నుంచి నాకు ఆయన మీద ఎంత జాలి ఉన్నదో చెప్పలేను. పోయిన నెల గుండె డాక్టరు దగ్గరికి చెకప్‌కు పోయినప్పుడు ఆ పెద్ద డాక్టరు బీపీ చూసి, స్టెంటు మంచిగున్నదని చెప్పి, కాగితం రాసుకుంట రాసుకుంట తల ఎత్తకుండనే అడిగిండు, సంసారం సంగతి ఎట్లున్నది అని. ఈయన నేల చూసిండు. ఎందుకు చెప్పిననో నాకు తెల్వదు, ఎవరన్నా ఆ మాట అడుగుతరని ఇన్నేండ్లు ఎదురుచూసిననేమో, నా నోటి నుంచి జారింది, ఆరేళ్ల నుంచి లేదు సార్ అని. డాక్టరు కలం పక్కన పెట్టి, షుగరు ఇన్నేండ్ల నుంచి ఉన్నది, రక్తనాళాలు మూసుకపోయినయి, నరాలు దెబ్బతిన్నయి, ఇది ఒంటి జబ్బు, మనసు జబ్బు కాదు, దీనికి వైద్యం ఉన్నది, సిగ్గుపడకుర్రి అని ఈ దవాఖాన పేరు రాసిచ్చిండు. దమ్మపేటకు తిరిగి పోయేదాకా కారులో ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలే. నేను కిటికీ నుంచి పామాయిల్ తోటలు చూసుకుంట లోపల లోపల ఏడ్చిన, దుఃఖంతోని కాదు, తేలికైపోయి. ఒంటి జబ్బట. నా మీద మనసు పోయి కాదట. పాపం ఆయనకూ తెలియకపాయె, ఒక్కడే ఎంత కుమిలిండో, నేను ఎన్ని మాటలన్ననో అని ఆ నెలంతా ఆయనకు జొన్నరొట్టె మెత్తగ చేసి పెట్టిన, పడుకున్నప్పుడు చెయ్యి మీద చెయ్యి వేసిన. ఆయన చెయ్యి తీయలేదు. అదే చాలనుకున్న. ఇక్కడికి రావడానికే ఆయన వారం వాయిదా, వారం వాయిదా వేస్తుంటే నేనే పట్టుబట్టి, ఇయ్యాల పొద్దున నీళ్లు తోడిపెట్టి, కారు తాళం చేతికిచ్చి తీసుకొచ్చిన.

వచ్చినంక కౌంటరు కాడ ఫోన్ నంబర్ చెప్పంగనే అక్కడి పిల్ల కంప్యూటర్ చూసి, పాత పేషెంటే కదా సార్, పాత ఫైలు తెప్పిస్త అన్నది. ఈయన తడబడి, లేదమ్మా, అది ఎప్పుడో కిడ్నీల రాయికి వచ్చిన అన్నడు. ఎప్పుడొచ్చిన్రు, నాకు చెప్పలేదు అన్న. చిన్న రాయి, మందులకే పోయింది అన్నడు. సరే అనుకున్న. ఇరవై రెండేళ్ల సంసారంలో నేను ఎక్కువసార్లు అనుకున్న మాట అదే, సరే. ఆ ఫైలే ఇప్పుడు నా ఒళ్లో ఉన్నది, అట్ట మీద వెంకటరామారావు, దమ్మపేట అని రాసి ఉన్నది, ఏదో పనిలేని చేతులు, పొద్దుపోక తెరిచిన. కిడ్నీ అన్న మాట ఎక్కడా కనపడలే. మొదటి కాగితం మీద తేదీ, రెండు వేల పంతొమ్మిది మార్చి పన్నెండు. షుగరు ఎంత ఉన్నదో రాసి ఉన్నది, నాకు చెప్పినదానికి రెండింతలు. ఎనిమిది నెలల నుంచి శక్తి లేదు అని రాసి ఉన్నది. స్కానింగ్‌లో రక్తం సరిగ పారుతలేదని రాసి ఉన్నది, ఒంటి కారణం అని రాసి కింద గీత కొట్టి ఉన్నది. నేను డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివిన, డాక్టర్ల రాత చదవలేను గని ఈ డాక్టరు రాత ముత్యాల లెక్క ఉన్నది, ఎందుకట్ల ఉన్నదో, గిలికినా బాగుండు. భార్యతో కలిసి రమ్మని చెప్పాం అని ఉన్నది. ఆ కిందనే ఇంగ్లీషులో ఒక లైను, వైఫ్ నాట్ ఇంటరెస్టెడ్, నాట్ విల్లింగ్ టు కమ్.

ఆ లైను నేను మూడుసార్లు చదివిన. వైఫ్ అంటే నేనే కదా. భార్యకు ఆసక్తి లేదట, రావడానికి ఒప్పుకోలేదట. రెండు వేల పంతొమ్మిది మార్చిల నేనెక్కడున్న, ఏం చేస్తున్న, పన్నెండో తారీఖు ఏ వారం, మా బిడ్డ సాహిత్యకు పరీక్షలు, దానికి పొద్దున్నే రాగి జావ కాచి ఇచ్చి, మధ్యాహ్నం మిరపకాయలు ఎండబోసుకుంట ఉండి ఉంట, ఈయన ఎరువుల కోసం ఖమ్మం పోతున్న అని చెప్పి చెరగని ఇస్త్రీ చొక్కా తొడుక్కొని పోయి ఉంటడు, నేనే ఇస్త్రీ చేసి ఉంట. ఇక్కడికి వచ్చి, ఈ కుర్చీలల్ల ఏదో ఒకదాంట్ల కూర్చొని, లోపలికి పోయి, నా భార్యకు ఆసక్తి లేదు సార్ అని చెప్పిండు. నన్ను అడగకుండ. నేను ఏం అనుకుంటున్ననో, నాకు ఏం కావాల్నో, నేను ఎన్ని మధ్యాహ్నాలు తలంటుకొని, జడ ఆరబెట్టుకొని, ఆయన వచ్చే అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టి ఉన్ననో అడగకుండ.

ఆ ఎండాకాలమే ఒకరోజు అడిగిన. బాగా గుర్తు, పామాయిల్ గెలలు కోసే రోజు, మధ్యాహ్నం పనోళ్లు అన్నం తిని చెట్ల కింద కునుకు తీస్తున్నరు, ఆయన వచ్చి నడుం వాల్చిండు, నేను పక్కన కూర్చున్న, చెయ్యి వేస్తే అటు తిరిగి పడుకున్నడు, గోడ దిక్కు. ఏడాదిగా గోడే. సిగ్గు చంపుకొని అడిగిన, గర్భసంచి తీయించుకున్నందుకా అని. ఊళ్లో అనేటోళ్లు ఉన్నరు, గర్భసంచి తీసినంక ఆడది ఆడదిగ ఉండదని, లోపల డొల్ల అయితదని, మా వీధిలోనే ఒకామె నాకు చెప్పింది. అందుకేనా, చెప్పుర్రి, నేనేమనుకోను అన్న. ఆయన గోడను చూసుకుంటనే, ఏమో అన్నడు.

ఏమో. ఒక్క మాట. దాని మీద నేను ఆరేళ్లు బతికిన. అద్దం ముందు నిలబడి పొట్ట కింద ఆ కుట్టును వేలితో తడుముకున్న, ఇదా, దీని కోసమా అని. పొద్దున్నే లేచి తోట చుట్టూ నడిచి నాలుగు కేజీలు తగ్గిన. తలకు రంగు వేసుకున్న, అది ఒంటికి పడక రెండు నెలలు ముఖమంతా దద్దుర్లు. గుడ్లు, పాలు, నువ్వులు, ఆడదానికి మళ్ల నిగారింపు వస్తదని ఎవరు ఏది చెబితే అది. లోపల డొల్ల అయిన దాన్ని అని నన్ను నేనే తిట్టుకున్న. అప్పటికి ఆయన దగ్గర ఈ కాగితం ఉన్నది. ఒంటి కారణం, కింద గీత. ఆ మధ్యాహ్నం నా దిక్కు తిరిగి, నీ తప్పు కాదు పద్మా అని ఒక్కసారి అంటే సరిపోయేది, నాలుగు మాటలు, నీ, తప్పు, కాదు, పద్మా. అంతకన్న చిన్నదని ఏమో అన్నడేమో.

ఎవరో ముసలాయన దగ్గుకుంట బాత్రూంల నుంచి వచ్చి నా పక్క కుర్చీ చూసి, ఆడమనిషిని చూసి, దూరం పోయి కూర్చున్నడు. నర్సు ఒకసారి తలుపు తీసి మూసింది. ఇంకా అరగంట ఉన్నది. ఇప్పుడు లేచి పోవచ్చు. ఫైలు ఈ కుర్చీల పెట్టి, మెట్లు దిగి పోవచ్చు. పోలే. ఇంకొక కాగితం తిప్పిన.

రెండో కాగితం రెండు వేల ఇరవై ఒకటి, డిసెంబరు పదిహేడు. ఆ తారీఖు చూడంగనే నా అరచెయ్యి మండింది. డిసెంబరు పద్నాలుగు, మంగళవారం, నేను శారదను కొట్టిన రోజు. ఆయన మంగళవారం మంగళవారం పర్ణశాల దిక్కు పోయేటోడు, అడిగితే రాముడికి మొక్కు అనేటోడు. ఎన్నడూ భక్తి లేని మనిషికి అంత మొక్కేందని ముందు నాకు కాదు, ఊరికి అనుమానం వచ్చింది. మా తమ్ముడు అనిల్‌కుమార్‌కు ఎవరో చెప్పిన్రు, బావ గుడి దాకా పోడు, అవతల గోదావరి ఒడ్డున అడవి ఊళ్లో పగిడయ్య అనే ముసలాయన ఇల్లున్నది, ఆ ఇంట్ల బిడ్డ ఉన్నది, శారద, మొగడు వదిలిపెట్టిన మనిషి, అక్కడ రెండేసి గంటలు కూర్చుంటడు అని. నేను ఆ మాట తెచ్చి మా అత్త సుశీలమ్మ ముందర పెట్టి ఏడ్చిన. మా అత్తది కృష్ణా దిక్కు మాట, "మగాడన్నాక నాలుగు చోట్ల తిరుగుతాడు పద్మా, తిరిగి తిరిగి ఇంటికే వస్తాడు, నువ్వు కాస్త ఓర్చుకోవాలి" అన్నది, అని నవ్వింది కూడా, కొడుకు మగతనం ఊరు దాటి పోయిందన్నట్టు ఆ నవ్వుల కొంచెం గర్వం. ఆ మాట ఆయన పక్క గదిలో విన్నడు, విన్నడని నాకు తెలుసు, భోజనానికి వచ్చి కూర్చొని నా దిక్కు చూడకుండ చారు పోసుకున్నడు. ఆ కాలంలో ఆయన నడక కూడా మారింది. టీ కొట్టు కాడ ఎవరన్నా, ఏం రామారావు, భద్రాచలం దిక్కు బాగా పోతున్నవట అంటే మీసం తుడుచుకొని నవ్వేటోడు. కాదని అనేటోడు కాదు. ఇప్పుడు అర్థమైతున్నది, ఆ పుకారు ఆయనకు కోటు లెక్క దొరికింది, తొడుక్కున్నడు.

అనిల్ కారులో పోయినం. చలికాలం, ఇంటి ముందు చాప మీద వేర్లు, బెరళ్లు ఆరబోసి ఉన్నయి, ఆమె చేటలో ఏదో చెరుగుతున్నది, నాకన్న చిన్నది, సన్నగ, నల్లగ, మెడల పూసల దండ. నేను కారు దిగిందే తిట్టుకుంట దిగిన. ఏమేం అన్ననో ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తది. ఆమె లేచి నిలబడ్డది, చేట కింద పెట్టింది, ఎదురు తిట్టలే. "అమ్మా, సారు మా నాయిన దగ్గరికొస్తడు" అన్నది. మీ నాయిన దగ్గర ఏం పని అని అరిచిన. "ఎందుకొస్తడో మేం చెప్పగూడదమ్మా. సారునే అడుగు" అన్నది. అంత నిమ్మళంగ అన్నది, అదే నాకు పొగరు లెక్క వినపడ్డది, చెయ్యి లేచింది. చెంప మీద. చుట్టుపక్కల ఇండ్లలోంచి ఆడోళ్లు వచ్చి చూస్తున్నరు. పగిడయ్య లోపల నుంచి తడుముకుంట వచ్చి వాళ్ల మాటల్లో బిడ్డను ఏదో అడిగిండు, ఆమె ఏదో చెప్పింది, ఆయన నా దిక్కు చేతులు జోడించి, "తల్లీ, రెండు నెలలకే చెప్పిన, ఇది వేరుకు లొంగేది కాదు, పెద్ద దవాఖానకు పోవాలె అని, ఆయనే వింటలేడు" అన్నడు. ఏది వేరుకు లొంగదు, ఏం మాట్లాడుతున్నడు ముసలోడు, తప్పించుకోవడానికి మాటలు మారుస్తున్నడు అనుకొని కారెక్కిన. విన్న, చెవిన పడ్డది, కోపం లోపలికి పోనియ్యలే. ఒక అబద్ధాన్ని నమ్మి అంత గుడ్డిదాన్నైన.

సాయంత్రం ఇంటికి పోయి ఆయన ముందర నిలబడి, కొట్టిన, మీ మనిషిని కొట్టొచ్చిన అని చెప్పిన. ఆయన ముఖం పాలిపోయింది. ఒక్కసారి నోరు తెరిచిండు. అప్పుడు చెప్తడనుకున్న, ఏదో ఒకటి, ఆమె కాదు అని, లేదా అవ్ ఆమే అని. నోరు మూసుకొని చెప్పులేసుకొని తోటకు పోయిండు. మూడు రోజులకు, శుక్రవారం, ఈ దవాఖానకు వచ్చిండు. ఇదుగో రాసి ఉన్నది. నాటు మందులు వాడుతున్నాడు, ఆపాడు. పగిడయ్య ఇచ్చిన వేర్లు, మంగళవారం మంగళవారం మొక్కు ఇదన్నమాట. గుండె పరీక్ష వెంటనే చేయించుకోవాలి. దాని కింద రెండు గీతలు. ఆ పక్కన ఇంకో మాట, ఇదే గుండె జబ్బుకు ముందస్తు గుర్తు కావచ్చునని వివరించాం. వివరించిన్రట. ఆ వివరించిన మాట మా ఇంటి దాకా రాలే. ఏడాదిన్నర తరువాత, వానాకాలం, నాట్ల రోజుల్లో ఆయన గుండె పట్టుకొని పడిపోతే, కల్లూరు దాకా వాన, వైరా దాకా వాన, కారు వెనక సీట్లో ఆయన తల ఒళ్లో పెట్టుకొని నేను దేవుళ్లందరి పేర్లు పిలిచిన, మా అత్తను, సాహిత్యను, ఆఖరికి శారదను కూడా తలుచుకున్న, ఆమె ఉసురు తగిలిందేమో అని. ఉసురు కాదు. రెండు గీతలు. ఈ ఫైలు ఇక్కడి బీరువాలో ఉన్నది, ఆయన ప్రాణం నా ఒళ్లో ఉన్నది, నడుమ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలే. నా మాంగల్యాన్ని కూడా ఆ పందెంలోనే పెట్టిండు, నాకు చెప్పకుండ.

ఆయన దిక్కు నుంచి ఆలోచించే ప్రయత్నం చేసిన. చెయ్యకుండ ఉండలేను, ఇరవై రెండేళ్ల అలవాటు, ఆయన తిన్నడా, ఆయనకు చలేస్తున్నదా, ఆయనకు ఎట్ల అనిపిస్తున్నదో. భయపడ్డడు. మగవాళ్లు నలుగురు కూర్చుంటే దేని గురించి నవ్వుకుంటరో నాకు తెల్వదా, ఫలానోడు పనికిరాడంట అని ఎన్నిసార్లు విన్న. ఈ హాలు చూస్తేనే తెలుస్తున్నది గదా, ఇరవై మంది, ఇరవై ఖాళీ కుర్చీలు. భయపడ్డడు, సరే. నాకు చెప్పడానికి నోరు రాలేదు, సరే. కాని నోరు రాకపోవడం వేరు, వచ్చిన నోరుతో నా మీద రాయించడం వేరు. చెయ్యలేని మనిషిగ నా ముందర నిలబడడం కన్న, నన్ను వద్దనుకున్న మనిషిగ నిలబడడం ఆయనకు నయమనిపించింది. దాని కోసం నన్ను డొల్ల చేసిండు, శారదను చెడ్డదాన్ని చేసిండు. జాలి ఎక్కడ దాకా పోవాల్నో అక్కడ దాకా పోయి ఆగింది, అంతకు మించి అడుగు పడలే.

అమ్మా రార్రి, డాక్టరు గారు పిలుస్తున్నరు అని నర్సు వచ్చింది. లోపల చల్లగ ఉన్నది. ఆయన బల్ల పక్కన కుర్చీలో కూర్చున్నడు, ముఖమంతా చెమట, ముందుకు వంగి చేతులు ఒళ్లో పెట్టుకున్నడు. ఫైలు నేను ఎట్ల పట్టుకున్ననో చూసిండు, చదివిన అని ఆయనకు తెలిసిపోయింది. డాక్టరు ఆదినారాయణ అరవై దాటిన మనిషి, మెత్తగ మాట్లాడుతడు. రక్తం పోవాల్సినంత పోతలేదమ్మా, నరాలు కూడా దెబ్బతిన్నయి, ఆరేళ్ల కిందటి కన్న ఎక్కువైంది, అయినా దారులున్నయి అన్నడు. అందరికీ ముందు ఇచ్చే మాత్రలు ఈయనకు ఇవ్వలేం, గుండెకు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉన్నది కదా, రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తది, బయట ఎవరి దగ్గరన్నా కొనుక్కొని వేసుకుంటడేమో మీరు కూడా కనిపెట్టాలె అన్నడు. గాలి లాగే పంపు లాంటిది ఒకటి ఉన్నది, మందుతో పని లేదు. లేదంటే ఇయ్యాల ఇచ్చినట్టే చిన్న సూది, ఇంటి దగ్గర వేసుకోవచ్చు, పది నిమిషాల్లో పని చేస్తది, నాలుగు గంటలు దాటి తగ్గకపోతే మాత్రం వెంటనే దవాఖానకు రావాలె. ఇవేవీ సరిపడకపోతే ఆపరేషన్ చేసి లోపల కడ్డీలు పెడతం, దానికి ముందు షుగరు అదుపులోకి రావాలె, గుండె డాక్టరు ఒప్పుకోవాలె, ఒకసారి పెట్టినంక వెనక్కి పోయేది ఉండదు. ఏదైనా మీ ఇద్దరూ అనుకొని చెప్పుర్రి, దీంట్లో ఇద్దరూ పేషెంట్లే అని నా దిక్కు చూసిండు.

ఆయన గొంతు సవరించుకొని, "ఆమె ఇష్టమే నా ఇష్టం సార్" అన్నడు.

ఇప్పుడు నా ఇష్టం. నవ్వొచ్చినంత పనైంది. ఫైలు తెరిచి డాక్టరు ముందర బల్ల మీద పెట్టి, ఆ లైను కింద వేలు పెట్టిన. "సార్, ఇది మీకు ఎవరు చెప్పిన్రు?"

డాక్టరు అద్దాలు సరిచేసుకొని చదివిండు. "పేషెంటు చెప్పిందే రాస్తమమ్మా" అన్నడు.

"పద్మా, ఇప్పుడెందుకది" అన్నడు ఈయన.

"నన్ను అడిగిన్రా?"

తల వంచుకున్నడు.

"ఒక్కసారన్నా అడిగిన్రా, వస్తవా అని?"

"అడగలే" అన్నడు. మళ్ల డాక్టరు దిక్కు తిరిగి, "ఆమెకేం తెల్వదు సార్. నేనే చెప్పలే. తెలిస్తే నన్ను ఎట్ల చూస్తదో అని."

"వేరే ఆడదాని దగ్గరికి పోతున్నరనుకొని ఇన్నేండ్లు చూసిన గద, ఆ చూపు బాగుండెనా?"

ఆయన తల ఎత్తి నన్ను చూసిండు, చాన్నాళ్లకు సూటిగ, అబద్ధమాడే ఓపిక కూడా పోయిన మనిషి లెక్క. "అది వేరే" అన్నడు.

అది వేరే. నిజమే చెప్పిండు. ఆ చూపు ఆయనకు బాగుండె. డాక్టరు కొత్త కాగితం తీసి ఇయ్యాల్టి తారీఖు వేసి, భార్య కలిసి వచ్చింది అని రాసిండు, నాకు కనపడేటట్టు పెట్టి రాసిండు. తరువాత మెల్లగ, ముందు సూదితో మొదలుపెడదామా, ఇంటి దగ్గర భర్తలే వేసుకుంటరు, చెయ్యి వణికేటోళ్లకు భార్యలు కూడా వేస్తరు, మీకు ఆయనకు షుగరు సూది వేసుడు అలవాటే కదా, ఇద్దరికీ నేర్పిస్తం అన్నడు.

"ఆయనకే నేర్పుర్రి సార్" అన్న. "షుగరు సూది పొద్దునా మాపూ నేనే వేస్తున్న, ఇకముందూ వేస్త, అది ప్రాణానికి. ఇది మాత్రం ఆయనే నేర్చుకోవాలె, ఆయన చేత్తోనే వేసుకోవాలె. ఎప్పుడన్నది నేను చెప్త. ఆసక్తి ఉన్నదో లేదో ఇంక నన్ను అడిగి రాసుకోవాలె. చెప్తనో చెప్పనో ఇయ్యాల నాకే తెల్వదు." డాక్టరు తల ఊపిండు. ఈయన గోడ దిక్కు తిరగడానికి అక్కడ గోడ లేదు, మందుల చీటీ తీసుకొని మడత పెట్టి జేబులో పెట్టుకున్నడు.

మెట్ల మీద ఆయన నా వెనక వస్తున్నడు, నొప్పి ఉన్నట్టున్నది, ఒక్కొక్క మెట్టు పట్టుకొని దిగుతున్నడు. కిందికి వచ్చినంక, ఎండలో, కారు తలుపు పట్టుకొని, గొంతు తగ్గించి, "పద్మా, జరిగిందేదో జరిగింది. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పకు. అమ్మకు కూడా" అన్నడు.

ఇంకా అదే. ఇంత జరిగినంక కూడా ఆయన కాపాడుకునేది అదే. కోపం వస్తదనుకున్న, రాలే, అలసట వచ్చింది. "మీ అమ్మకు చెప్పుకుంటరో లేదో మీ ఇష్టం" అన్న. "ఒక్క మనిషికి నేను చెప్పాలె. ఆమెకు ఈ సంగతి నా కన్న ముందే తెలుసు. తెలిసి కూడ మీ పరువు కోసం నాతోని దెబ్బ తిన్నది."

"ఇప్పుడా? శారద దగ్గరికా?" అన్నడు, ఆ పేరు నా ముందర ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు. "రేపు ఇద్దరం పోదాం. నేనూ వస్త."

"మీరు ఎప్పుడు పోతరో మీరు పోర్రి. మీరు చెప్పుకోవాల్సింది వేరే ఉన్నది. కొట్టిన చెయ్యి నాది." అన్నం తినే ముందు ఇన్సులిన్ వేసుకోర్రి, డబ్బా ఫ్రిజ్ తలుపులో ఉన్నది అని చెప్పి ఆటో ఆపిన. బస్టాండు అన్న. భద్రాచలం బస్సు ఎన్నింటికో, అక్కడి నుంచి పర్ణశాలకు ఏం దొరుకుతదో, ఆమె నన్ను వాకిట్లోకి రానిస్తదో, రానియ్యదో, చేట కింద పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంటదో. వేసుకుంటే ఆ తలుపు ముందర నిలబడే చెప్త. ఆటో మలుపు తిరిగేటప్పుడు ఆయన ఇంకా కారు తలుపు పట్టుకొనే ఉన్నడు, ఎండలో, లోపల కూర్చోకుండ. ఎండ తగిలితే కళ్లు తిరుగుతయి ఆయనకు అని నోటి దాకా వచ్చింది. ఆటో ఆపమనలే.